ఒక్క మనిషి, లక్ష మంది: సైకాలజీ, క్రిమినాలజీ కలిపి చదవడం

బాణామతి, అంటే చేతబడి, చేశాడన్న అనుమానంతో ఒక ముసలాయనను ఊరివాళ్లే కొట్టి చంపారన్న వార్త ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. ఆ వార్త చదివిన సైకాలజీ విద్యార్థికి వచ్చే ప్రశ్న ఒకటి: కర్ర ఎత్తిన మనిషి బుర్రలో ఆ క్షణం ఏముంది? క్రిమినాలజీ విద్యార్థి ప్రశ్న వేరు: ఇలాంటి చావులు ఏ ఊళ్లలో, ఎలాంటి ఇళ్ల మీద, ఎప్పుడు ఎక్కువ? వాటిలో ఎన్ని కాగితం మీదికి ఎక్కుతున్నాయి? మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే రెండోదానికీ దొరికినట్టు కాదు. ఈ రెండు సబ్జెక్టులూ కలిపి చదవడంలో కష్టమంతా ఇక్కడే ఉంది, లాభమూ ఇక్కడే ఉంది. చాలామంది విద్యార్థులు ఒక ప్రశ్నకు రెండోదాని జవాబు రాసి మార్కులు పోగొట్టుకుంటారు. తర్వాత ఉద్యోగంలో చేరి అదే పని చేస్తే పోయేది మార్కులు కాదు, ఎవరి బతుకో.

బాణామతి సంగతే ఇంకొంచెం చూద్దాం. పిల్లకు జ్వరం తగ్గదు, రెండు బర్లు చచ్చిపోతాయి, పంట పోతుంది. వరసగా వచ్చిన కష్టాలకు కారణంగా ఒక మనిషిని చూపించడం మనసుకు సులువు. ఆ నమ్మకం ఊరంతటికీ ఉంటే దాన్ని మనోవ్యాధి లక్షణంగా లెక్కించకూడదు. వ్యాధి నిర్ధారణ చేసేటప్పుడు ఆ మనిషి పెరిగిన చోట నలుగురూ నమ్మేదేమిటో కూడా లెక్కలోకి తీసుకోవాలి. కానీ నిందితుడు నెలల తరబడి రాత్రుళ్లు పక్కింటాయన గొంతు చెవిలో తిడుతున్నట్టు విని, తిండి మానేసి, తలుపులు బిగించుకుని ఉన్నాడంటే అది వేరే సంగతి, పరీక్ష చేయించాల్సిన సంగతి. ఈ రెండింటికీ తేడా చెప్పడం సైకాలజీ పని.

క్రిమినాలజీ ఇంకోవైపు నుంచి వస్తుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, వేసే వార్షిక లెక్కల్లో హత్యల వెనక కారణాల పట్టిక ఉంటుంది. అందులో మంత్రగత్తె, చేతబడి అనుమానాలకు ఒక గడి ఉంది, భూమి తగాదాలకు ఇంకో గడి ఉంది. చేతబడి అని పేరు పెట్టి, అసలు పొలం గట్టు పంచాయితీలో అడ్డొచ్చిన ముసలాయనను చంపితే అది ఏ గడిలో పడుతుంది? స్టేషన్‌లో రాసినాయన ఏది రాస్తే అందులో. ఒక హత్యకు ఒక కారణమే పడుతుంది. కాబట్టి ఆ గడిలో అంకె చిన్నగా ఉందని ఆ నమ్మకం తగ్గిందనడానికి లేదు.

ఈ రెండింటికీ తోడు మూడో పుస్తకం తప్పదు, అది చట్టం. దాన్ని తప్పించుకుని ఈ కోర్సు పూర్తి చేయొచ్చనుకోవద్దు. 2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యాల చట్టమైన ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. పాత గైడ్లలో ఐపీసీ 84 అని ఉన్న మతిస్థిమితం లేనివారి మినహాయింపు ఇప్పుడు న్యాయ సంహిత 22. హత్యకు శిక్ష 302 నుంచి 103కు మారింది. పోలీసులు తీసుకునే సాక్షి వాంగ్మూలం సీఆర్‌పీసీ 161 నుంచి సురక్షా సంహిత 180కి, మేజిస్ట్రేట్ ముందు ఇచ్చేది 164 నుంచి 183కు వెళ్లింది. నిపుణుల అభిప్రాయం ఎవిడెన్స్ యాక్ట్ 45లో ఉండేది, ఇప్పుడు సాక్ష్య అధినియం 39లో ఉంది. పాత నంబర్లు మరిచిపోవద్దు కూడా. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది, ఆ కేసులు ఇంకా ఏళ్లపాటు కోర్టుల్లో నడుస్తాయి. నోట్సులో ప్రతి సెక్షన్‌కూ పాతది, కొత్తది పక్కపక్కన రాసుకుంటే రెండు తరాల తీర్పులూ చదవగలుగుతారు.

సెక్షన్ 22 దగ్గర సైకాలజీ వాళ్లు తరచూ జారిపడతారు. స్కిజోఫ్రేనియా ఉందని డాక్టరు రాస్తే శిక్ష తప్పుతుందనుకుంటారు. చట్టం అడిగేది జబ్బు పేరు కాదు. ఆ పని చేసిన సమయానికి, మతిస్థిమితం లేకపోవడం వల్ల, తాను చేస్తున్నదేమిటో తెలుసుకునే శక్తి గానీ, అది తప్పని లేదా చట్టవిరుద్ధమని తెలుసుకునే శక్తి గానీ లేకుండా పోయిందా అన్నదే ప్రశ్న. 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది: చూడాల్సింది నేరం జరిగిన సమయం. అంతకుముందు, అప్పుడు, ఆ తర్వాత మనిషి ఎలా ఉన్నాడన్నది దాన్ని తేల్చుకోవడానికి సాక్ష్యం. నిందితుడు దాన్ని సందేహానికి అతీతంగా రుజువు చేయనక్కర్లేదు, ఎక్కువ సంభవమని చూపితే చాలు. చంపాక కత్తిని బావిలో పడేసి, బట్టలు మార్చుకుని, బస్సెక్కి పోయాడంటే తాను చేసింది తప్పని తెలుసనడానికి అది బలమైన గుర్తు. విచారణ నాటికి నిందితుడు తన కేసు తాను అర్థం చేసుకునే స్థితిలో ఉన్నాడా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. దానికి సురక్షా సంహిత 367 నుంచి వేరే దారి ఉంది. పరీక్షలో ఈ రెండింటినీ కలిపేసి రాసిన జవాబులే ఎక్కువ.

ఇక అంకెల దగ్గరికి. క్రిమినాలజీలో సగం పని లెక్కపెట్టడమే. లెక్క ఎట్లా తప్పుతుందో తెలుసుకోవడానికి వరంగల్‌ను మించిన పాఠం లేదు. 2011 జనగణనలో వరంగల్ జిల్లా అంటే 35 లక్షలకు పైగా జనం. 2016 అక్టోబరులో అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లిగా విడిపోయింది. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరయింది. 2021లో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్‌కు వరంగల్ అని పేరు పెట్టారు. దీని మీద ఇంకో పొర: ఎన్‌సీఆర్‌బీ పట్టికలు రెవెన్యూ జిల్లాల వారీగా కాదు, పోలీసు యూనిట్ల వారీగా ఉంటాయి. 2015లో ఏర్పడిన వరంగల్ పోలీసు కమిషనరేట్ కింద ఇప్పుడు వరంగల్, హనుమకొండ, జనగామ మూడూ ఉన్నాయి.

అంటే 2012 పట్టికలో వరంగల్, 2018 పట్టికలో వరంగల్, 2022లో వరంగల్ ఒకే నేల కాదు. ఈ సంగతి చూడకుండా పదేళ్ల గ్రాఫ్ గీసి, వరంగల్‌లో నేరాలు తగ్గాయని ప్రాజెక్టు రాస్తే అది మొదటి పేజీలోనే పడిపోతుంది. ముందు యూనిట్ సరిహద్దు రాసుకోండి. తర్వాత ఆ సరిహద్దులోని మండలాల జనాభాను 2011 జనగణన నుంచి కూడండి. ఆ తర్వాతే కేసుల సంఖ్యను జనాభాతో భాగించి లక్షతో గుణించండి. జనాభా పాతదని ఒక వాక్యం ఒప్పుకోండి. పదిహేనేళ్ల కిందటి జనాభాతో భాగిస్తే, హనుమకొండలా పెరిగిన పట్టణంలో రేటు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంకో రెండు ఉచ్చులున్నాయి. ఒకటి, ప్రధాన నేరం నియమం. ఒకే కేసులో అత్యాచారం, హత్య రెండూ ఉంటే ఎన్‌సీఆర్‌బీ లెక్కలో అది హత్య కిందే వస్తుంది. కాబట్టి అత్యాచారం పట్టికలోని అంకెకు బయట కూడా అత్యాచారాలు ఉంటాయి. రెండు, నమోదైన కేసులు పెరిగితే నేరాలు పెరిగాయని కాదు. సైబర్ మోసాలకు 1930 నంబరు వచ్చాక, హింసకు గురైన మహిళలకు, పిల్లలకు సాయం చేసే భరోసా, సఖి కేంద్రాలు తెరుచుకున్నాక, ఇంతకుముందు ఇంట్లోనే మింగేసుకున్న ఫిర్యాదులు కొన్ని బయటికొస్తాయి. మంచి సేవ దొరికిన చోట అంకె పెరగడం సహజం. పెరిగిన అంకెను చూపించి ఒక ఊరిని తిట్టే వ్యాసాలు చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే దాని ఫలితంగా మళ్లీ ఫిర్యాదులు తీసుకోవడం మానేస్తారు.

సైకాలజీ ల్యాబ్‌లో చేసే పనుల్లో క్రిమినాలజీకి నేరుగా అక్కరకొచ్చేది జ్ఞాపకం. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం రెండు సబ్జెక్టుల సిలబస్‌లోనూ ఉంటుంది. 45 మంది విద్యార్థులకు కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి, వేగం ఎంత ఉండొచ్చని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియ మారింది. గట్టిగా గుద్దుకున్నాయనే అర్థమొచ్చే మాట విన్నవాళ్ల సగటు గంటకు 40.8 మైళ్లు, తాకాయనే మాట విన్నవాళ్లది 31.8. రెండో ప్రయోగంలో 150 మంది. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అని అడిగితే గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, మెత్తని మాట విన్న 50 మందిలో ఏడుగురు, వేగం సంగతే అడగని 50 మందిలో ఆరుగురు. ఫిల్ములో అద్దం పగల్లేదు.

దీన్ని తెలుగులో మీ క్లాసులోనే చేయొచ్చు, చేయాలి కూడా. అర నిమిషం వీడియో ఒకటి చాలు. ప్రశ్నపత్రం రెండు రకాలు: ఒకదాంట్లో గుద్దుకున్నప్పుడు అని, రెండోదాంట్లో తాకినప్పుడు అని, మిగతా అక్షరం మారకుండా. చీటీలు కలిపి పంచండి. రోల్ నంబర్ సరి, బేసి అని పంచితే కొన్ని కాలేజీల్లో రోల్ నంబర్లు మార్కుల ప్రకారం ఉంటాయి, గుంపులు మొదటే సమానం కావు. బెంచీల వారీగా పంచితే పక్కవాడి పేపర్ చూసి రెండు ప్రశ్నలున్నాయని కనిపెట్టేస్తారు. వేగం కిలోమీటర్లలో అడగండి. మైళ్లు అంటే సగం మంది అంచనా కాదు, లెక్క చేస్తారు. ఒకరిద్దరు గంటకు 200 అని రాస్తారు. అలాంటి జవాబులను ఏం చేయాలో ఫలితం చూడకముందే రాసిపెట్టుకోవాలి, చూశాక తీసేస్తే అది మోసం. రెండు గుంపుల సగటు, ప్రామాణిక విచలనం తీసి, ఆ తేడా కాకతాళీయమేనా అని చూసే టీ పరీక్ష చేయండి. దానికి ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ వెతకనక్కర్లేదు, జమోవి, జాస్ప్ రెండూ ఉచితం. గుంపుకు ఇరవై మందే ఉంటే తేడా కనిపించినా టీ పరీక్షలో నిలబడకపోవచ్చు. నిలబడలేదనే రికార్డు బుక్కులో రాయండి. పుస్తకంలో ఉన్న అంకె వచ్చేదాకా సర్దే అలవాటు ఒకసారి పడితే పోదు.

ఈ ప్రయోగం అసలు విలువ స్టేషన్‌లో తెలుస్తుంది. సాక్షిని "ఎర్ర అంగీ ఏసుకున్నోడేనా?" అని అడిగితే జవాబు ప్రశ్నలోనే ఇచ్చినట్టు. "ఏం రంగు అంగీ ఏసుకున్నడు?" అన్నదాంట్లోనూ అంగీ ఉందని మనమే చెప్పాం. "ఆయన ఎట్ల ఉండె, నీకు యాదికున్నంత చెప్పు" అన్నది మంచి మొదలు. అమెరికాలో రొనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గైసెల్మన్ 1980లలో రూపొందించిన కాగ్నిటివ్ ఇంటర్వ్యూ ఈ దారిలోదే: ముందు ఆ చోటును, ఆ వేళను మనసులో నిలబెట్టుకోమనడం, అడ్డు తగలకుండా అంతా చెప్పనివ్వడం, చిన్నదనుకున్నదీ వదలొద్దనడం, తర్వాత వెనక నుంచి ముందుకు చెప్పించడం. దీనికి చాలా సమయం పడుతుంది. రద్దీ ఉన్న స్టేషన్‌లో పది నిమిషాల్లో వాంగ్మూలం రాసే పద్ధతికి ఇది అడ్డమే.

తెలుగులో ఇంకో జాగ్రత్త కావాలి. "కత్తి పట్టుకొని ఉరికిండంట" అని సాక్షి చెబుతుంది. కాగితం మీద అది "కత్తి పట్టుకుని పరుగెత్తాడు" అవుతుంది. విన్నది చూసినదైపోయింది. కోర్టులో డిఫెన్స్ వకీలు ఆమెను నిలదీసినప్పుడు ఆమె నిజమే చెప్పినా అబద్ధాలకోరులా కనిపిస్తుంది. సురక్షా సంహిత 181 ప్రకారం పోలీసు వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదు, దాన్ని ప్రధానంగా వాడేది సాక్షి మాటలో వైరుధ్యం చూపడానికే. మీరు ఇంటర్వ్యూ ప్రాజెక్టు చేస్తే మాటను మాటగానే, యాసతో సహా, రాసుకోండి. పుస్తక భాషలోకి తర్వాత మార్చొచ్చు, మూలం పక్కనే ఉంచాలి.

మానసిక పరీక్షల విషయంలోనూ ఇదే చిక్కు. తెలివిని కొలిచే బినెట్-కామత్ పరీక్ష, మాలిన్ పిల్లల పరీక్ష మన దేశంలో ఇప్పటికీ చేతిలో ఉన్న సాధనాలు. వాటి ప్రమాణాలు పాతవి, పట్టణం బడి పిల్లల వైపు మొగ్గేవి. లంబాడీ మాట్లాడే తండా పిల్లాడికో, కోయ మాట్లాడే ఏటూరునాగారం పిల్లకో పుస్తక తెలుగులో ప్రశ్న అడిగి వచ్చిన తక్కువ స్కోరును బుద్ధి మాంద్యమని రాయడం నేరంతో సమానం. ఇది కొట్టిపారేసే సంగతి కాదు, ఎందుకంటే బాల న్యాయ చట్టం 2015లోని 15వ సెక్షన్ ఇక్కడికే తెస్తుంది. 16 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న పిల్లలు ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ ఉంటే, అంటే కనీస శిక్ష ఏడేళ్లో అంతకంటే ఎక్కువో ఉన్న నేరమైతే, బాల న్యాయ మండలి ఒక ప్రాథమిక అంచనా వేయాలి. ఆ నేరం చేయగల శారీరక, మానసిక సామర్థ్యం, దాని ఫలితాలు అర్థం చేసుకునే శక్తి, అది జరిగిన పరిస్థితులు చూడాలి. మూడు నెలల్లో ముగించాలి. ఆ అంచనా మీదే ఆ పిల్లాడిని పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అన్నది ఆధారపడుతుంది. 2022లో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు ఐక్యూ స్కోరు ఒక్కటే ఈ ప్రశ్నకు జవాబు కాదని స్పష్టం చేసింది. మండలిలో పిల్లల సైకాలజీ లేదా సైకియాట్రీ చదివినవాళ్లు లేనప్పుడు నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని కూడా చెప్పింది. రెండు సబ్జెక్టులూ, చట్టమూ ఒకే టేబుల్ మీద కలిసే చోటు ఇది. ఇక్కడ పని చేయడానికి సరిగ్గా చదివినవాళ్లు మన జిల్లాలకు కావాలి.

సైకోపతి అన్న మాట వినగానే కళ్లు పెద్దవి చేసేవాళ్లకు ఒక మాట. రాబర్ట్ హేర్ రూపొందించిన, సైకోపతి లక్షణాలను కొలిచే పీసీఎల్-ఆర్‌లో 20 అంశాలు, ఒక్కోదానికి 0, 1, 2, మొత్తం 40. అమెరికాలో 30ని గీతగా వాడతారు. అది శిక్షణ పొందినవాళ్లు కేసు ఫైళ్లు, సుదీర్ఘ ఇంటర్వ్యూ రెండూ చూసి వేయాల్సింది. ఇంటర్నెట్‌లో దొరికిన కాపీతో హాస్టల్ రూమ్మేటుకు స్కోరు వేయడానికి కాదు. అలాగే నార్కో పరీక్ష, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ గురించి సీరియల్స్ చెప్పింది పక్కన పెట్టండి. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు వీటిని ఒప్పుకోలు లేకుండా ఎవరి మీదా చేయకూడదంది.

ప్రమాద అంచనా గురించి ఒక లెక్క వేసి చూపిస్తాను, కేవలం ఊహకు తీసుకున్న అంకెలతో. వెయ్యి మంది జైలు నుంచి విడుదలయ్యారు, వాళ్లలో 50 మంది మళ్లీ హింసకు దిగుతారనుకుందాం. మన పరీక్ష నూటికి 80 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, హింసకు దిగనివాళ్లలోనూ నూటికి 80 మందిని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి బాగుంది. 50లో 40 మందిని పట్టుకుంది. మిగతా 950 మందిలో 20 శాతం, అంటే 190 మందిని కూడా ప్రమాదకరమని ముద్ర వేసింది. మొత్తం ముద్ర పడింది 230 మంది మీద, అందులో నిజంగా ప్రమాదకరం 40. ఆరుగురిలో ఐదుగురి మీద తప్పు ముద్ర. అరుదైన సంగతిని ముందే పసిగట్టాలనుకుంటే బాగుందనిపించే పరీక్షకు కూడా ఇదే గతి. ఈ లెక్కను చూడకుండా చేయగలిగే వరకు సాధన చేయండి. లక్ష మంది రేటు నుంచి ఒక్క మనిషి మీదికి దూకడం ఎందుకు ప్రమాదమో ఈ లెక్క చెప్పినంత బాగా ఏ సిద్ధాంతమూ చెప్పదు.

సిద్ధాంతాలు త్వరగా: రెండు సిలబస్‌లలో కొన్ని జంటలుగా వస్తాయి, కలిపి చదివితే సమయం మిగులుతుంది. సదర్లాండ్ చెప్పిన సహవాసంతో నేరం నేర్చుకోవడం, పెద్దవాళ్లు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు అదే చేస్తారా అని 1961లో బందూరా 72 మంది పిల్లలతో చేసిన బోబో బొమ్మ ప్రయోగం ఒకచోట పెట్టండి. బౌల్బీ 1944లో 44 మంది పిల్ల దొంగల మీద రాసినదీ, హిర్షీ 1969 సామాజిక బంధమూ పక్కపక్కన పెట్టండి, కానీ కలపొద్దు. బౌల్బీది పసితనంలో తల్లి నుంచి విడిపోవడం, హిర్షీది ఎదిగే వయసులో ఇల్లు, బడితో ఉన్న కట్టు. మోఫిట్ 1993 వర్గీకరణ, అంటే ఎదిగే వయసులో తప్పుదారి పట్టి మానేసేవాళ్లు, చిన్నప్పటి నుంచి కొనసాగేవాళ్లు అన్నది, బాల న్యాయంలో రోజూ పనికొస్తుంది. కొందరు పుట్టుకతోనే నేరస్థులన్న వాదనను లాంబ్రోసో 1876లో పెట్టాడు. మన దేశంలో అంతకు ఐదేళ్ల ముందే, 1871లో, కొన్ని తెగలను, కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా రాసే చట్టం వచ్చింది, 1952లో రద్దయింది. జైలు మాన్యువళ్లలో ఆ వాసన ఇంకా ఉందని 2024లో సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ చరిత్ర తెలియకుండా అలవాటు నేరస్థుల జాబితాను డేటాగా వాడకండి. ఆ జాబితాలో ఉన్నవాళ్లే మళ్లీ మళ్లీ పట్టుబడతారు, ఎందుకంటే వెతికేది వాళ్లనే.

ఇప్పుడు ఎక్కడ, ఎలా చేరాలి. డిగ్రీకి చాలా కాలేజీలకు దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్‌లో, దరఖాస్తు. బీఏకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా పనికొస్తుంది. సైకాలజీ ఉన్న కాంబినేషన్లు హైదరాబాద్ కాలేజీల్లో ఎక్కువ, మన వరంగల్ వైపు తక్కువ. కాలేజీ పేరు చూసి కాదు, ఆప్షన్ పెట్టేటప్పుడు సబ్జెక్టు కాంబినేషన్ కోడ్ చూసి పెట్టండి. సైకాలజీ ల్యాబ్ ఉందా, ప్రాక్టికల్స్ చేయిస్తారా, రికార్డు మాత్రమే రాయిస్తారా అని సీనియర్లను అడగండి. క్రిమినాలజీ ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీలోనే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. డిగ్రీలో సైకాలజీతో పాటు సోషియాలజీ తీసుకుని, పీజీలో క్రిమినాలజీకి వెళ్లడం గట్టి దారి. మద్రాసు విశ్వవిద్యాలయం, తిరునెల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయం, మధ్యప్రదేశ్‌లో సాగర్ విశ్వవిద్యాలయం, గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్) ముందు చూడాల్సినవి. ఇంటి దగ్గరే ఉండాలంటే హనుమకొండ సుబేదారిలోని కాకతీయ విశ్వవిద్యాలయం లా కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కూడా తెలివైన ఎంపిక.

దూరవిద్యలో సైకాలజీ చేద్దామనుకునేవాళ్లు ఇక్కడ ఆగండి. 2025 జులై–ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ సైకాలజీ కోర్సులు పెట్టొద్దని యూజీసీ ఆదేశించింది. ఎవరైనా ఏజెంటు ఇప్పటికీ దూరవిద్య ఎమ్మెస్సీ సైకాలజీ సీటు ఉందని ఫోన్ చేస్తే డబ్బు కట్టకండి. 2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చని యూజీసీ నియమం ఉంది: రెండూ రెగ్యులర్ అయితే క్లాసు వేళలు ఢీకొనకూడదు, లేదా ఒకటి రెగ్యులర్, ఒకటి దూరవిద్య. సైకాలజీని రెగ్యులర్‌గా పెట్టుకుని, సోషియాలజీ లాంటిది దూరవిద్యలో పెట్టుకోవడం ఇప్పుడు కుదిరే పద్ధతి.

క్లినికల్ సైకాలజిస్టుగా కోర్టులో నిలబడాలంటే ఎమ్మే క్రిమినాలజీ చాలదు, ఎమ్మెస్సీ సైకాలజీ కూడా చాలదు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి అక్కడ నమోదు కావాలి. క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ మీద నియమాలు మారుతున్నాయి, 2025–26 విద్యా సంవత్సరం వరకే దానికి యూజీసీ సడలింపు ఇచ్చింది. చేరే ఏడు ఆర్‌సీఐ జాబితాలో ఆ కోర్సు, ఆ సంస్థ రెండూ ఉన్నాయో చూడండి. ఇంగ్లండ్‌లో రెండూ కలిపిన డిగ్రీలు చాలా ఉన్నాయి. అక్కడ చూడాల్సింది ఒక్కటే, ఆ కోర్సుకు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందా అని. లేకపోతే అక్కడ ఫోరెన్సిక్ సైకాలజిస్టు అయ్యే దారి చాలా కష్టమవుతుంది, ఆ పేరు పెట్టుకోవడానికి అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు చట్టబద్ధంగా తప్పనిసరి.

చదువుతూనే చూడాల్సిన చోటు హనుమకొండ అదాలత్, అంటే అక్కడి కోర్టులు. సెషన్స్ విచారణలు సాధారణంగా అందరికీ తెరిచే ఉంటాయి. ఫోన్ స్విచాఫ్ చేసి, వెనక కూర్చుని, ఒక కేసును మొదటి సాక్షి నుంచి తీర్పు దాకా పేషీ పేషీకి వెంబడించండి. కేసుకు 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో వేస్తే తర్వాతి తేదీ కనిపిస్తుంది. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు), అత్యాచారం కేసులు మూసిన గదిలో జరుగుతాయి, అటు పోవద్దు. బాధితుల పేరు, ఊరు, గుర్తుపట్టే ఏ వివరమూ ప్రాజెక్టులో రాయకూడదు. న్యాయ సంహిత 72, బాల న్యాయ చట్టం 74 ప్రకారం అది నేరమే. జైలులో ఇంటర్వ్యూలు చేయాలనుకుంటే జైళ్ల శాఖ అనుమతి కావాలి, దానికి నెలలు పడతాయి. పైగా వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి ఆ జాగాలో ఆసుపత్రి మొదలుపెట్టారు. కాబట్టి మూడు నెలల డిసర్టేషన్‌కు ఖైదీల ఇంటర్వ్యూలు పెట్టుకోవద్దు. ముద్రితమైన తీర్పులు 30 తీసుకుని, సెక్షన్ 84 వాదన ఎందుకు నిలిచిందో, ఎందుకు పడిపోయిందో పట్టిక వేస్తే ఆ సమయంలో పూర్తవుతుంది, గైడు కూడా అడ్డు చెప్పడు.

ఉద్యోగాలు: జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో, సఖి, భరోసా కేంద్రాల్లో కౌన్సెలర్ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువి, జీతం తక్కువ, పని బరువు ఎక్కువ. కానీ నేర్చుకోవడానికి వాటిని మించినవి లేవు. బోధన వైపు వెళ్లాలంటే యూజీసీ నెట్‌లో సైకాలజీ కోడ్ 04, క్రిమినాలజీ 68. రెండింటికీ మొదటి పేపర్ ఒకటే, కాబట్టి వేర్వేరు విడతల్లో రెండూ రాయొచ్చు. బాల న్యాయ మండలిలో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో కనీసం ఒకరు మహిళ. పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమంలో ఏడేళ్లు పని చేసినవాళ్లు గానీ, పిల్లల సైకాలజీ, సైకియాట్రీ, సోషియాలజీ, చట్టంలో డిగ్రీ ఉండి వృత్తిలో ఉన్నవాళ్లు గానీ దానికి అర్హులు. ఖాళీల ప్రకటన వచ్చాక సర్టిఫికెట్ల కోసం పరుగెత్తకుండా, చేరిన రోజు నుంచే ప్రతి సంస్థ దగ్గరా తేదీలతో అనుభవ పత్రం తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.